బండి నిద్రపోయేదాకా

తలుపు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. తలుపు తీస్తే లోపల దీపం వెలుగుతుంది, దీపం వెలిగితే ఈ కారులో ఉన్న చిన్నాచితకా కంప్యూటర్లన్నీ చుట్టాలొచ్చారని తెలిసిన ఇంటిల్లిపాదిలా ఒక్కసారిగా లేచి కూర్చుంటాయి, వాటిని మళ్లీ జోకొట్టడానికి ఇంకో గంట పడుతుంది, ఆ గంట నా దగ్గర లేదు. అందుకే తలుపులన్నీ మూసి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, పైకెత్తిన బానెట్ గొళ్లేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసేశానని బండిని నమ్మించి, బ్యాటరీకీ ఎర్త్ తీగకీ మధ్య మీటర్ తగిలించి, స్టూలు లాక్కుని కూర్చున్నాను. బండి నిద్రపోవాలి. నిద్రపోయాక కూడా కరెంటు తాగుతూనే ఉంటే లోపల దొంగ ఉన్నట్టు. ఆ దొంగని లోపల పెట్టింది నా చెయ్యేనా అన్నది ఈ గంటలో తేలాలి. ఈ బండి ఇంజనుని లేపే సెల్ఫ్ మోటార్ విప్పి, అరిగిపోయిన బ్రష్‌లు మార్చి, మళ్లీ బిగించింది నేను. ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌కి కొత్త బెల్టు వేసింది నేను. అది జరిగిన వారంలోనే, అమ్మ ఒంట్లో కుడివైపంతా చచ్చుబడిపోయిన పొద్దున, ఈ బండి కదల్లేదు. అలా అని తమ్ముడు చెప్పాడు. అందరికీ చెప్పాడు. సాయంత్రం ఆస్పత్రిలో అమ్మని చూడనిచ్చే వేళకి నేను వెళ్లి ఆ మంచం పక్కన నిలబడాలి, తప్పు నాదే అమ్మా అనో, నాది కాదమ్మా అనో ఏదో ఒకటి చెప్పి తీరాలి. ఎందుకంటే మొన్న నేను దగ్గరికి వెళ్తే అమ్మ మొహం గోడవైపు తిప్పేసుకుంది.

మీటర్ మీద అంకె ఇంకా పెద్దదే. ఇంకా మేలుకునే ఉంది మొండిఘటం. పక్క టైర్ల కొట్టులో గాలి కొట్టే మోటారు బుర్రుమని మొదలై ఆగి మళ్లీ మొదలవుతోంది, దాన్ని తీసుకెళ్లి ఎవరి నెత్తినైనా కొట్టాలనిపిస్తోంది. ఆ కొట్టాయన పొద్దున తొంగి చూశాడు. మీ అమ్మగారి బండి కదూ ఇది, అదే కదూ ఆ రోజు, అని సగంలో మింగేశాడు. మింగడమెందుకు, ఉమ్మెయ్యి. ఊరంతా అనుకుంటున్నదే కదా. కన్నతల్లి బండికే దిక్కులేదు, మన బండ్లకేం ఒరగబెడుతుందని నిన్న ఒకాయన తన వ్యాను ఎంత చెప్పినా వినకుండా వెనక్కి తీసుకుపోయాడు. అనుకోనీ. నాకు వాళ్ల మీద కాదు కోపం. నాకు ఆ వరండా మీద కోపం, ఆస్పత్రిలో ఆ పచ్చరంగు వరండా, ఆ ప్లాస్టిక్ కుర్చీల వరస, నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి అక్కడ నిలబడి ఉన్న డాక్టరు, తమ్ముడు, మరదలు, పిన్ని. ఇంత ఆలస్యంగా తెస్తే ఏం చెయ్యమంటారు, కాస్త ముందు తెచ్చి ఉంటే మాటైనా దక్కేది కదా అంటున్నాడు డాక్టరు. అప్పుడు తమ్ముడు నా వైపు చూడకుండా చెప్పాడు, బండి స్టార్ట్ కాలేదండీ, మొన్ననే అక్క సెల్ఫ్ మోటార్ విప్పి బాగుచేసింది, తాళం తిప్పితే ఉలుకూ లేదు పలుకూ లేదు అని. అంతే. అందరి తలలూ నా వైపు తిరిగాయి. అందరి కళ్లూ నా గోళ్ల మీద పడ్డాయి. గోళ్ల సందున నల్లటి గ్రీజు. షెడ్డులోంచి చెయ్యి కూడా కడుక్కోకుండా వచ్చానుగా. ఆడపిల్లకి ఈ స్పానర్లూ తీగలూ ఎందుకు బావా అని మీ నాన్నతో ఆనాడే మొత్తుకున్నాను, అంది పిన్ని. మెల్లగా అంది. పిన్ని గట్టిగా అరిచినప్పుడు ఎవరికీ ఏమీ కాదు, మెల్లగా అంటేనే ప్రమాదం.

ఆ తర్వాత లోపలికి పంపారు. అమ్మ నోరు ఒక పక్కకి జారిపోయి ఉంది. కుడి చెయ్యి ఎవరిదో తెచ్చి దుప్పటి మీద పెట్టినట్టుంది. అమ్మా అన్నాను. కళ్లు తెరిచింది, చూసింది, చూసి, ఆ ఒక్క పక్క మాత్రమే మాట వినే మెడని ఎంతో కష్టపడి, ఎంతో నెమ్మదిగా, గోడవైపు తిప్పుకుంది. అంత కష్టపడి తిప్పుకోవాలా. రెప్పలు మూసుకుంటే చాలదా. అవి అమ్మకి ఇంకా వశంలోనే ఉన్నాయి కదా. అప్పట్నుంచి ఏ పని చేస్తున్నా ఆ మెడే కనిపిస్తోంది, మెడ మీద ఆ ముడత, దాని కింద కొట్టుకుంటున్న నరం.

అంకె ఒక మెట్టు దిగింది. మంచిది. ఎవడో ఒకడు పడుకున్నాడు లోపల.

పొద్దున్నుంచి ఏం చూడలేదు కనుక. బండిని తమ్ముడే తోలుకొచ్చి అప్పగించాడు, నువ్వే చూసుకో నీ పని అన్నట్టు తాళంచెవి బల్ల మీద పడేసి పోయాడు. బ్యాటరీ చూశాను, నిండుగా ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ ఎంత పడుతుందో చూశాను, పడాల్సినంతే పడింది, ఇంజను అర తిప్పుకే అందుకుంది. లావు తీగ ఆ చివర నుంచి ఈ చివర దాకా మీటర్ పెట్టి చూశాను, కరెంటు ఎక్కడా దారిలో ఇంకిపోవడం లేదు. ఎర్త్ తీగ ఇంజనుని కరుచుకుని ఉంది. ఆల్టర్నేటర్ పోయాల్సినంత పోస్తోంది, హెడ్‌లైట్లూ వైపర్లూ ఏసీ అన్నీ ఒకేసారి వేసినా తొణకలేదు. బెల్టు బిగువు బాగుంది. నా చేతి పనిలో నేనే తప్పు వెతుకుతున్నాను, దొరకడం లేదు, దొరకనికొద్దీ భయం ఎక్కువవుతోంది. ఎందుకంటే ఈ పనిలో అన్నిటికంటే పాపిష్టి జబ్బు వచ్చి పోయే జబ్బు. షెడ్డుకి తెచ్చినప్పుడు పెళ్లికూతురిలా తల దించుకుని బుద్ధిగా ఉంటుంది, ఇంటికెళ్లాక పూనకం. అలాంటిదేదో నేను బిగిస్తూ బిగిస్తూ లోపల వదిలేశానా, ఏ తీగ చర్మమైనా గీరుకుందా, రాత్రంతా కారి కారి తెల్లారేసరికి బ్యాటరీని ఎండబెట్టిందా. మరి ఇప్పుడెలా పనిచేస్తోందిరా అని వాడిని ఫోన్లో అడిగాను కదా. దానికీ జవాబుంది వాడి దగ్గర. ఆ మర్నాడు రోడ్డు చివర ఉండే మెకానిక్‌ని పిలుచుకొచ్చాడట, ఎర్ర టోపీ పెట్టుకున్న బక్కాయన, బ్యాటరీ రెండు టెర్మినల్సూ ఊడదీసి, బయట పెట్టి, గరుకు కాగితంతో గీకి, టీ తాగొచ్చి, మళ్లీ బిగించాడట, అప్పుడు స్టార్టయిందట. ఇది టెర్మినల్స్ బిగించడం చేతకాని వాళ్ల పని అన్నాడట ఆ టోపీ ఆయన. నన్నే. ఈ చేతుల్నే. ఆ ఎర్ర టోపీ మీద నాకు ఎంత మంటెక్కిందంటే, మొదట ఈ బానెట్ ఎత్తగానే వాడేం వెలగబెట్టాడో అనే చూశాను. శుభ్రంగా ఉంది. టెర్మినల్స్ మీద గ్రీజు కూడా పూశాడు. బొటనవేలితో ఒక్క చుట్టు చుట్టి చివర పైకి లాగి వదిలాడు, అచ్చం నేను పూసినట్టే. ఎవడో గానీ పనిమంతుడే అనుకున్నాను, అనుకుని ఇంకా కుళ్లుకున్నాను.

నాన్న ఉన్న రోజుల్లో అయితే టెర్మినల్ ఊడదీయడాన్ని ఒప్పుకునేవాడే కాదు. ఈ షెడ్డులో ఆయన నాకు నేర్పిన మొదటి సంగతి స్పానర్ పట్టుకోవడం కాదు, పట్టుకోకపోవడం. బండి రాత్రిళ్లు కరెంటు తాగేస్తోందని ఎవరైనా తెస్తే అందరూ చేసేది ఒకటే, గబుక్కున ఎర్త్ తీగ పీకి మధ్యలో మీటర్ పెడతారు. పీకావో చచ్చావు అనేవాడు. తీగ తెగిన ఆ ఒక్క క్షణంలో, పగలంతా అతుక్కుపోయి వేధించిన రిలే స్విచ్చి వదిలేస్తుంది, పిచ్చెక్కిన కంప్యూటరు బుద్ధిమంతుడైపోతుంది, దొంగ వెనక గోడ దూకి పారిపోతాడు, నువ్వు ఖాళీ ఇల్లు సోదా చేస్తుంటావు. అందుకని ముందు ఒక జంపర్ తీగతో దారి వెయ్యి, పాత దారి మెల్లగా విప్పు, మీటర్ని కలుపు, అప్పుడు జంపర్ తియ్యి. కరెంటుకి తాను దారి మారానన్న సంగతే తెలియకూడదు. ఇందాక నాకు ఒళ్లు మండి, ఆ ఎర్ర టోపీ వాడు ఊడదీసినట్టే నేనూ ఊడదీస్తే ఏమవుతుందని స్పానర్ నట్టు మీద దాకా పెట్టాను. తిప్పబోయాను కూడా. నాన్న చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకున్నట్టయింది. తిట్టుకుంటూ జంపర్ వేశాను.

నాన్నకి ఆ నియమం దొంగల వల్ల రాలేదని అమ్మ అనేది. తన వల్ల వచ్చింది అనేది నవ్వుతూ. నిజమే. ఇది అమ్మ బండి. అమ్మ రైల్వే స్టేషన్లో టికెట్ల కిటికీ వెనక కూర్చుని తల నెరిపించుకుంది. ఆ కిటికీలోంచి ఆమె చూసిన ప్రపంచమంతా ఒకటే, పరిగెత్తుకుంటూ వచ్చి, చెయ్యి లోపలికి చాచి, ఇప్పుడే వెళ్లిపోయిందా అని అడిగే ప్రపంచం. ఇప్పుడే వెళ్లిపోయింది అని రోజూ చెప్పీ చెప్పీ ఆమెకి ఆలస్యం అంటే ఒక జబ్బులా అసహ్యం పుట్టింది. అందుకని బండిలో గడియారాన్ని పావుగంట ముందుకి పెట్టుకుంది. స్టీరింగ్ పక్కన పచ్చటి అంకెల గడియారం, దాని కింద సూది మొనంత రెండు బొత్తాలు, పెన్ను కొసతో నొక్కితే గానీ నొక్కుకోవు. నాన్న ఏదో రిపేరుకని బ్యాటరీ ఊడదీసిన ప్రతిసారీ ఆ గడియారం పన్నెండుకి వచ్చి రెప్పలార్పుతూ నిలబడేది, అమ్మ విసుక్కుంటూ హ్యాండ్‌బ్యాగులోంచి పెన్ను తీసి, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, టిక్కు టిక్కుమని నొక్కుకుంటూ తన టైముకి తెచ్చుకునేది. నేను పెడతానమ్మా అంటే ఒప్పుకునేది కాదు. మీరు సరైన టైము పెట్టేస్తారే, సరైన టైముతో ఎవడు బాగుపడ్డాడు అనేది. తమ్ముడికి ఆ బొత్తాలు నొక్కడం రాదు, మరదలికి రాదు, మొన్న నేను సెల్ఫ్ మోటార్ పని చేశాక కూడా అమ్మే వచ్చి కూర్చుని పెట్టుకుంది. మా ఇంట్లో ఎవరికైనా ఆ గడియారం చూడగానే పావుగంట తీసెయ్యడం అలవాటు. ఆలోచించి కాదు. మెట్టు దిగేటప్పుడు కాలు తనంతట తను దిగినట్టు. ఇవాళ పొద్దున కూడా అంతే కదా, సెల్ఫ్ కొట్టి చూద్దామని ఎక్కి కూర్చున్నాను, గడియారం పదింబావు చూపిస్తోంది, పదయింది, ఇంకా చాలా టైముందిలే అనుకున్నాను.

తీసేశాను.

పావుగంట తీసేశాను. నేను తీసేయడానికి అది అక్కడ ఎందుకుంది?

లేచి నిలబడ్డాను, స్టూలు వెనక్కి పడింది. అద్దంలోంచి చూశాను, గడియారం ఉన్నచోట చీకటి, తాళం పెడితే గానీ వెలగదు. తలుపు పిడి మీదకి చెయ్యి పోయింది. వద్దు. ముట్టుకోకూడదు. చెయ్యి వెనక్కి లాక్కున్నాను, ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక చంకలో పెట్టి నొక్కుకున్నాను. రెండు టెర్మినల్సూ ఊడదీశాడట. బయట పెట్టాడట. గీకాడట. టీ తాగాడట. టీ తాగొచ్చేదాకా బ్యాటరీ లేని బండిలో గడియారం ఎలా నడిచిందిరా నాయనా. పన్నెండుకి పడిపోయి ఉండాలి కదా. ఎవరైనా సరిచేశారే అనుకుందాం, సరిచేసిన వాడు సరైన టైమే పెడతాడు కదా, పావుగంట ముందు పెట్టే మనిషి ఈ లోకం మొత్తం మీద ఒక్కతే ఉంది, ఆమె ఆ పొద్దున్నుంచి ఆస్పత్రి మంచం మీద వేలు కదపలేక పడి ఉంది. ఎవరూ ఊడదీయలేదు. ఆ గ్రీజు మీద బొటనవేలి గుర్తు నాలాంటిది కాదు, నాదే. నా వేలిని నేనే చూసి, నా పనిని నేనే మెచ్చుకుని, ఎవడో గానీ పనిమంతుడే అని కుళ్లుకుని చచ్చాను. ఎర్ర టోపీ లేదు. బక్కాయన లేడు. టీ లేదు. చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టి, వీధిలో కుంటికుక్కతో పోయే ఎర్ర చొక్కా కుర్రాడు కొట్టాడని చెప్పాడు, ఆ కుక్కకి తెల్లటి తోక కూడా పెట్టాడు. వీడి అబద్ధాలకి ఎప్పుడూ తోక ఎక్కువే. మాకు అప్పుడు నవ్వొచ్చింది. అమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది.

మరి బ్యాటరీ ఊడదీయలేదు సరే, ఆ పొద్దున నిజంగానే స్టార్ట్ కాలేదేమో, తర్వాత దానంతటదే బాగుపడిందేమో, సిగ్గేసి మెకానిక్ని కల్పించాడేమో. చూడు, ఇప్పుడు కూడా వాడి తరఫున నేనే వకీలుని. పుట్టినప్పట్నుంచి ఇదే ఉద్యోగం నాకు. సరే, తేలుద్దాం. అందుకే ఈ పరీక్ష పూర్తి కావాలి. స్టూలు లేపి మళ్లీ కూర్చున్నాను. కూర్చోవడం అంత కష్టమైన పని అని నాకు ఇంతవరకు తెలియదు. పళ్లు కొరుక్కుంటుంటే దవడ నొప్పి పుట్టింది. ఉలుకూ లేదు పలుకూ లేదన్నాడు డాక్టరుతో. డ్యాష్‌బోర్డు మీద దీపం కూడా వెలగలేదన్నాడు పిన్నితో, నేను విన్నాను. దీపం కూడా వెలగనంత చచ్చిన బ్యాటరీ గడియారాన్ని మాత్రం ఎలా బతికించింది. బ్యాటరీ అంత చస్తే గడియారమూ పన్నెండుకి పడాల్సిందే, ఊడదీసినా చచ్చినా దానికి ఒకటే. పడలేదు. అంటే ఆ రాత్రి ఈ బ్యాటరీ చావలేదు, ఒక్క క్షణం కూడా చావలేదు. వాడు తాళం పెట్టి తిప్పి ఉంటే ఇంజను లేచేది. తిప్పాడా?

అంకె ఇంకో మెట్టు దిగింది, ఇంకోటి. చిన్నదైపోతోంది.

తిప్పాడా అసలు. తమ్ముడూ మరదలూ ఉండేది పైన, అమ్మ కింద. బండి నిలిపేది అమ్మ గది కిటికీని ఆనుకుని. వాడు రాత్రి ఇంటికి ఎన్నింటికొచ్చాడో, తలుపు ఎంత గట్టిగా వేశాడో, ఏ రోజు పెట్రోలు తక్కువై ఇంజను దగ్గిందో అమ్మకి ఆ కిటికీలోంచే తెలుసు. కళ్లు మూసుకుని బండి చెప్పే కబుర్లన్నీ వినేది. ఆ పొద్దున కుడికాలు జారి, మంచం కోడు పట్టుకుని, ఎడం చేత్తో ఫోన్ అందుకుని పైకి చేసి ఉంటుంది. వస్తున్నా అని ఉంటాడు. అమ్మ వింటూ పడుకుని ఉంటుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు కోసం. తలుపు తీసిన చప్పుడు కోసం. సెల్ఫ్ కొట్టిన చప్పుడు కోసం. చచ్చిన బ్యాటరీ అయినా తలుపు చప్పుడు వస్తుంది కదా, మనిషి లోపల కూర్చున్న చప్పుడు వస్తుంది, తిట్టుకున్న చప్పుడు వస్తుంది. అమ్మ ఏం వింది?

ఆస్పత్రి మంచం గుర్తొచ్చింది. మళ్లీ ఆ మెడ. ఇన్ని రోజులూ ఆ మెడని మాత్రమే చూశాను, చుట్టూ ఏముందో చూడలేదు. ఒక్కదాన్నే వెళ్లానా నేను లోపలికి? నా పక్కనే, నా భుజానికి భుజం తగిలేంత దగ్గరగా, వాడు నిలబడ్డాడు. అమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. తర్వాత నా పక్కకి చూసింది. ఆ తర్వాత కదా తిప్పుకుంది. ఓరి దేవుడా. నా మొహం చూడలేక కాదు. నేను నాదనుకుని ఎత్తుకొచ్చేశాను, ఇంట్లో ఏ నింద ఊరికే పడి ఉన్నా నాదే అనుకుని ఎత్తుకోవడం అలవాటైపోయి.

బండి నిద్రపోయింది. మీటర్ మీద అంకె ఉండాల్సినదానికంటే తక్కువే, గడియారం బతకడానికి చాలినంత, అంతకుమించి ఒక్క చుక్క కూడా కారడం లేదు. దొంగ లేడు. ఇంకాసేపు చూశాను, కదల్లేదు. ఏ రిపేరు చేశాకైనా ఆ అంకె చూస్తే ప్రాణం లేచొస్తుంది నాకు. ఇప్పుడు అది ఉండకూడని చోట ఉన్నట్టుంది. ఏదైనా తప్పు దొరికి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది ఒక్క నిమిషం, ఒక గీరుకున్న తీగ, ఒక వదులు నట్టు, నా చేతకానితనం, ఏదైనా. దాన్ని బాగుచేసేదాన్ని. మళ్లీ జంపర్ వేశాను. మీటర్ తీశాను. ఎర్త్ తీగ బిగించి, జంపర్ తీశాను. కరెంటుకి ఏమీ తెలియలేదు. దారి తెగనివ్వలేదు. బానెట్ దించాను.

తమ్ముడు వచ్చేసరికి చేతులు కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటున్నాను. ఆటోలో వచ్చాడు, గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా. ఆస్పత్రికి వేళవుతోంది, బండి అయిందా అన్నాడు. తర్వాత, పెద్ద మనసు చేసుకుంటున్నట్టు, పోన్లే అక్కా, నువ్వేం కావాలని చేశావా, అమ్మతో నేను చెప్తాలే అన్నాడు. అదీ మాట. ఆ మాట లేకపోతే బహుశా అరిచేసేదాన్నే. అది విన్నాక అరుపు రాలేదు. కోపం ఇంత చల్లగా కూడా ఉంటుందని తెలియదు నాకు. తాళంచెవి వాడి చేతిలో పెట్టి, ఎక్కు, నేనూ వస్తాను అని పక్క సీట్లో కూర్చున్నాను. వాడు కూర్చున్నాడు, తిప్పాడు. అర తిప్పుకే ఇంజను అందుకుంది. పచ్చటి అంకెలు వెలిగాయి.

"టైమెంతయిందిరా?" అన్నాను.

వాడు గడియారం వైపు చూశాడు. "అయిదే. ఇంకా టైముంది."

గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి వాడూ చూశాడు. అయిదుంబావు. రెండు చుక్కలు వెలుగుతూ ఆరుతూ. అద్దం మీద అమ్మ పెన్ను కొస జారిన చిన్న సిరా గీత.

"బ్యాటరీ ఊడదీస్తే ఇది ఏం చూపిస్తుంది?"

వాడికి తెలుసు. చిన్నప్పుడు వెనక సీట్లో కూర్చుని ఇద్దరం కలిసి లెక్కపెట్టేవాళ్లం, పన్నెండు ఎన్నిసార్లు రెప్పలారుస్తుందో.

"ఆ మెకానికే మళ్లీ పెట్టి ఉంటాడు" అన్నాడు చివరికి.

"పావుగంట ముందుకా?"

స్టీరింగ్ మీద వాడి చేతులు ఉన్నచోటే ఉన్నాయి. మొహంలో ఒక్కొక్క దీపమే ఆరిపోతూ రావడం చూశాను, జాలి పడదామని చూశాను, పడలేకపోయాను. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు, ముక్కలు ముక్కలుగా, అద్దంలోంచి షెడ్డు గోడకి చెప్పుకుంటున్నట్టు. అమ్మ ఫోన్ చేసిందట. ఒంట్లో ఏదోలా ఉందిరా అందట, మాట ముద్దగా ఉందట. నిద్రమత్తులో, ఎప్పుడూ ఉండే గ్యాసు నొప్పే అనుకున్నాడట. వస్తున్నా అన్నాడట. అని అటు తిరిగి పడుకున్నాడట, ఒక్క అయిదు నిమిషాలే అనుకుని. లేచేసరికి ఎండ వచ్చేసిందట. కిందికి పరిగెత్తితే అమ్మ మంచానికీ గోడకీ మధ్యన ఉందట. కాళ్లూ చేతులూ ఆడక, బండి సంగతే తోచక, వీధిలో పోయే వ్యానుని ఆపాడట. డాక్టరు ఎందుకాలస్యమని అడిగినప్పుడు నోటికి ఏదొస్తే అది వచ్చిందట. నీ పేరు చెప్పాలని కాదక్కా, బండి అనగానే నువ్వే గుర్తొచ్చావు అన్నాడు. అది నిజమే అయుంటుంది. ఈ ఇంట్లో ఏది చెడిపోయినా నేనే కదా గుర్తొచ్చేది.

"అమ్మకి చెప్పొద్దక్కా. నీకు దండం పెడతాను. పిన్నికి చెప్పు, డాక్టరుకి చెప్పు, ఎవరికైనా చెప్పు, అమ్మకి మాత్రం వద్దు."

"అమ్మకి చెప్పక్కర్లేదురా" అన్నాను. "బండి కిటికీ పక్కనే ఉంది. అమ్మ వింటూ పడుకుంది. నువ్వు తలుపు కూడా తీయలేదని ఆ పొద్దున్నే తెలుసు ఆవిడకి."

వాడు నా వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు. అమ్మ అటు తిరిగిపోయిన క్షణం వాడికీ గుర్తొచ్చినట్టుంది, నేను నాదనుకున్నట్టే వాడూ ఆ మెడని నాకు పడిన శిక్ష అనుకుని ఊపిరి పీల్చుకుని ఉంటాడు ఇన్ని రోజులూ. ఇంజను సన్నగా, నిలకడగా, ఒక్క తప్పు మోత లేకుండా తిరుగుతోంది. అంత బాగా తిరగడం భరించలేనట్టు తాళంచెవి మీదకి చెయ్యి పోనిచ్చాడు. ఆపకు అన్నాను. ఆగిపోయాడు. టైర్ల కొట్టాయన తొంగి చూసి, బాగయిందా అక్కా అని అరిచాడు. చెయ్యి ఊపాను.

నువ్వు వెళ్లి అమ్మకి ఎదురుగా నిలబడతావు, ఆవిడ గోడవైపు తిరిగితే నువ్వూ ఆ వైపుకే వెళ్లి నిలబడతావు, అంతే, నేను నీ పక్కన నిలబడను ఈసారి అని చెప్పాను. తల ఊపాడు. గేరు మీద చెయ్యి వేశాడు, తీశాడు.

"నా వల్ల కాదక్కా. నువ్వు నడుపు."

సీటు బెల్టు లాగి పెట్టుకున్నాను.

"నువ్వే నడుపు. బండి బాగానే ఉంది."